మూడు పొరల రాతి గోడ: తూకపు గుండు నుంచి గ్రౌటింగ్ దాకా పని డైరీ

పని ఒక పాత రెండంతస్తుల రాతి కట్టడపు ఉత్తరం గోడ మీద. పొడవు 11.4 మీ., ఎత్తు 9 మీ., మందం 72 సెం.మీ. కిటికీలు తీసేస్తే 91 చదరపు మీటర్లు మిగులుతుంది. బయటి ముఖం ఓ మాదిరిగా చెక్కిన రాయి, లోపలి ముఖం బొంతరాయి. రెండింటి నడుమ ఏం పోశారో కాగితాల్లో ఎక్కడా లేదు. కింది అంతస్తు కిటికీల మధ్య గోడ బయటికి పొట్ట వేసింది. లోపలివైపు పాత మరమ్మతులో వేసిన సిమెంటు ప్లాస్టరు తడితే డొల్లగా మోగుతోంది. ఈ రెండు చూసే పని మొదలైంది.

1వ వారం: తూకపు గుండు, సుత్తి పిడి

పై అంచు నుంచి తూకపు గుండు వదిలి ప్రతి అర మీటరుకీ నూలు నుంచి రాతి ముఖానికి ఉన్న దూరం కొలిచాం. బయట 3.4 మీ. ఎత్తున పొట్ట 46 మి.మీ. అదే గీత మీద లోపలి ముఖం బయటికి జరిగింది 8 మి.మీ. మాత్రమే. ఈ రెండో కొలతే ముఖ్యం. గోడ మొత్తం వంగి ఉంటే బయట ఎంత ముందుకొచ్చిందో లోపల కూడా ఇంచుమించు అంత వెనక్కి లాగినట్టు కనిపించాలి. 38 మి.మీ. తేడా వచ్చిందంటే బయటి పొర లోపలి పొరను వదిలేసి ఒంటరిగా నడిచింది. బయట కొలిచి వదిలేసే సర్వేల్లో ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

గోడ అడ్డంగా ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పోయే త్రూ రాళ్లు ఎన్ని ఉన్నాయో చూడాలి. బయట చిన్న చదరపు తల కనిపించే రాళ్లన్నీ త్రూ రాళ్లే అనుకుంటే మోసపోతాం. రాయి పక్క సందులో 8 మి.మీ. రంధ్రం వేసి, కొస వంచిన తీగ లోపలికి తోసి, రాయి వెనక అంచుకు కొక్కెం తగిలే చోటు కొలిచాం. అనుమానించిన 14 రాళ్లలో గోడ దాటి పోయినవి 3. తక్కినవి 35–40 సెం.మీ. దగ్గరే ఆగిపోయాయి.

సుత్తి పిడితో తట్టి డొల్ల మోగిన చోట్లకు సుద్దతో గీత గీశాం. పగుళ్ల మీద 5 ప్లాస్టిక్ కొలత పలకలు బిగించాం. కొలత తీసిన ప్రతిసారీ గోడ ఉష్ణోగ్రత కూడా పక్కనే రాస్తున్నాం. ఎండకూ చలికీ పగులు తెరుచుకోవడం, మూసుకోవడం మామూలే. ఉష్ణోగ్రత లేని పగులు కొలతతో కదలిక గురించి ఏమీ తేల్చలేం. గాజు ముక్క అతికించి అది పగిలిందా లేదా అని చూసే పాత పద్ధతి పెట్టుకోలేదు. గాజు పగిలితే కదిలిందని తెలుస్తుంది, ఎటు కదిలిందో, ఎంత కదిలిందో తెలియదు.

2వ వారం: సిమెంటు చొక్కా విప్పడం

గోడలోకి తరంగాలు పంపి లోపల ఏముందో తెర మీద చూపే రాడార్ ఒక పూట తిప్పాం, పూట వృథా అయింది. ప్లాస్టరులో ఇనుప జాలీ ఉంది. లోహపు జాలీ తరంగాన్ని అక్కడికక్కడే వెనక్కి తన్నేస్తుంది, దాని వెనక ఏమున్నా తెర మీద కనిపించదు. ముందు ప్లాస్టరు తీసి తర్వాత రాడార్ పెట్టాల్సింది, వరస తప్పింది.

ప్లాస్టరు 45 మి.మీ. మందం. గ్రైండరుతో 40 సెం.మీ. చదరాలుగా కోసి, పై నుంచి ఒక్కొక్కటే ఉలితో ఊడదీశాం. బ్రేకరు (కొట్టి పగలగొట్టే యంత్రం) అసలు ముట్టలేదు. ఆ అదురుకు నడుమ వదులుగా ఉన్న రాళ్లు కిందికి జారి, పొట్ట ఇంకా పెరుగుతుంది. జాలీ తీగలు సగానికి సగం తుప్పుగా మారాయి. ప్లాస్టరు వెనక రాయి చెమ్మగా ఉంది, సందుల్లో సున్నం వేలితో గీస్తే రాలుతోంది. ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోయి, ఉప్పు అంతా సున్నం సందుల్లోనే పేరుకుంది.

గోడకు గట్టి చొక్కా తొడిగితే బలం వచ్చేసిందనుకోవడం పాత అలవాటు. ఇటలీలో 1976 ఫ్రియులీ భూకంపం తర్వాత పాత రాతి ఇళ్లకు కాంక్రీటు పైకప్పులూ జాలీ ప్లాస్టర్లూ విరివిగా వేశారు. 1997లో ఉంబ్రియా–మార్కే భూకంపం వచ్చినప్పుడు అలాంటి మరమ్మతులు జరిగిన ఇళ్లలో చాలావాటికి ఆ బరువూ ఆ బిగుతే చేటు తెచ్చాయి. రెండు ముఖాల చొక్కాలనూ కలిపే అడ్డ కడ్డీలు లేకపోతే, లేదా మరీ పలచగా ఉంటే, చొక్కా రేకులా ఊడిపోతుంది, లోపలి గోడ కుప్పగా రాలుతుంది. మా గోడ ప్లాస్టరులో అడ్డ కడ్డీ ఒక్కటి కూడా దొరకలేదు.

ఉప్పు పరీక్ష ఇలా చేశాం. 2, 5, 10, 20 సెం.మీ. లోతుల్లో డ్రిల్లు పొడి విడివిడిగా పట్టి, స్వేదన జలంలో కలిపి వడగట్టి, రెండు చుక్కల పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఆపైన బేరియం క్లోరైడ్ వేశాం. తెల్లటి మడ్డి దిగితే సల్ఫేట్ ఉన్నట్టు. లోపలి ముఖం దగ్గర 10 సెం.మీ. లోతు దాకా మడ్డి చిక్కగా దిగింది. సిమెంటు ప్లాస్టరుకు ముందు అక్కడ జిప్సం పూత ఉండేది, దాని మరకలు ఇంకా కనిపిస్తున్నాయి. గ్రౌట్, అంటే గోడ లోపలి ఖాళీల్లోకి పంపే జారుడు గార, దాని ఎంపిక ఇక్కడే సగం తేలిపోయింది. సల్ఫేట్ ఉన్న గోడలోకి మామూలు సిమెంటు పంపిస్తే ఎట్రింగైట్, థామసైట్ అనే ఖనిజాలు పుట్టి ఉబ్బుతాయి, బాగుచేసిన చోటే మళ్లీ పగులుతుంది.

3వ వారం: లోపలికి చూడటం, శబ్దం పంపడం

సందుల్లో 22 మి.మీ. రంధ్రాలు 8 వేసి ఎండోస్కోప్ (సన్నటి గొట్టపు కెమెరా) దించాం. డ్రిల్లు కొట్టుడు (పెర్కషన్) ఆపి, తిప్పుడు మీదే తొలిచాం. ప్రతి రంధ్రానికీ ఎంత లోతులో రాయి, ఎంత లోతులో ఖాళీ, ఎంత లోతులో సున్నం అని ఒక గీత బొమ్మ వేసుకున్నాం. తేలిన లెక్క: బయటి పొర 25 సెం.మీ., లోపలి పొర 20, మధ్య 27 సెం.మీ. పూడిక. పూడిక అంటే చిప్పరాళ్లు, విరిగిన ముక్కలు, పలచగా పోసిన సున్నం. పొట్ట వేసిన చోట బయటి పొరకూ పూడికకూ మధ్య 30 మి.మీ. నిలువు చీలిక టార్చి వెలుగులో కిందిదాకా కనిపించింది. తూకపు గుండు చెప్పిన 38 మి.మీ.కి ఇది సరిపోయింది. మిగతా 8 మి.మీ.ని పూడికలో రాలిపడిన ముక్కలు నింపేశాయి.

పొట్ట ఎందుకు తనంతట తాను వెనక్కి పోదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. బయటి పొర ఒక మిల్లీమీటరు జరగ్గానే పై నుంచి చిప్పలు ఆ సందులోకి దిగి మేకులా కూర్చుంటాయి. తర్వాత ఏ అదురు వచ్చినా గోడ ముందుకే పోగలదు.

శబ్దం గోడను ఎంత వేగంగా దాటుతుందో కొలిచే సోనిక్ పరీక్షకు 2.25 మీ. చదరపు ప్యానెళ్లు 3 ఎంచుకుని, ఒక్కోదాంట్లో 75 సెం.మీ. ఎడంతో 16 బిందువులు పెట్టాం. ఒకవైపు సెన్సర్ ఉన్న సుత్తితో కొట్టడం, సరిగ్గా ఎదురుగా రెండోవైపు అదురును పట్టే యాక్సిలరోమీటర్. కాంక్రీటుకు వాడే అల్ట్రాసోనిక్ పరికరం ఇక్కడ పనికిరాదు. దాని పౌనఃపున్యం ఎక్కువ, మొదటి రెండు ఖాళీలు తగలగానే సంకేతం చచ్చిపోతుంది. రెండు ముఖాల మీదా బిందువులు ఎదురెదురుగా పడ్డాయో లేదో కిటికీ గుండా దారం లాగి సరిచూసుకోవాలి. బాగా పక్కకు పోతే వేగం లెక్క తప్పుతుంది.

సగటు వేగాలు: ఎడమ ప్యానెల్ సెకనుకు 970 మీ., పొట్ట ఉన్న నడిమి ప్యానెల్ 720, కుడి ప్యానెల్ 1,010. 1,000కి అటూ ఇటూ ఉందంటే ఖాళీలు బాగా ఉన్న గోడ. కుడి ప్యానెల్ మూడింటిలో మెరుగ్గా ఉందని డైరీలో రాసుకున్నాం. ఎండోస్కోప్ రంధ్రాల్లో ఒక్కటి కూడా ఆ ప్యానెల్ కింది సగంలో పడలేదన్న సంగతి మాత్రం రాసుకోలేదు. దీని ఫలితం చివర్లో తెలిసింది.

4వ వారం: ఫ్లాట్ జాక్

ఫ్లాట్ జాక్ సూత్రం తేలికే. గోడలో అడ్డంగా గాడి కోస్తే, పై బరువుకు గాడి మూసుకుంటుంది. గాడికి పైనా కిందా ముందే అతికించిన కొలత బిందువుల మధ్య దూరం ఆ మేరకు తగ్గుతుంది. గాడిలో పలచని ఉక్కు సంచిలాంటి జాక్ పెట్టి నూనె ఎక్కిస్తూ, దూరం మళ్లీ మొదటి కొలతకు వచ్చే దాకా పెంచాలి. అప్పటి ఒత్తిడి నుంచి గోడలో ఉన్న ఒత్తిడి లెక్కకడతారు. అమెరికా ప్రమాణం ఎ.ఎస్.టి.ఎం. సి 1196 ఈ పరీక్షకే ఉంది, కానీ అది వరసలు సరిగా ఉన్న కట్టుబడిని మనసులో పెట్టుకుని రాసింది. బొంతరాతి గోడలో సందు తిన్నగా దొరకదు కాబట్టి గుండ్రటి రంపంతో రాయీ సందూ కలిపి కోసి, అర్ధచంద్రాకారపు జాక్ వాడాం. కొలతలు 350 × 260 మి.మీ. మందం 4 మి.మీ.

మొదటి ప్రయత్నం పాడైంది. 8 బార్ దాకా ఎక్కించినా ఒక జత బిందువులు మొదటి దూరానికి రాలేదు, మిగతా మూడు జతలు దాటి పోయాయి. చూస్తే ఆ జతలో పై బిందువు అతికించిన రాయే వదులు. రంపం అదురుకు అది కాస్త తిరిగింది. ఇప్పుడు బిందువు అతికించే ముందు ప్రతి రాయినీ సుత్తి పిడితో తట్టి, వేలితో నొక్కి చూస్తున్నాం. ఇంకో జాగ్రత్త: రంపానికి నీళ్లు పోస్తే బ్లేడు చల్లగానే ఉంటుంది, మట్టి కలిసిన సున్నం మాత్రం కడుక్కుపోతుంది. అందుకని పొడిగా, ఆగి ఆగి కోశాం. ఒక గాడికి 40 నిమిషాలు పట్టింది.

రెండో చోట బయటి పొరలో, నేల నుంచి 1 మీ. ఎత్తున, 4.7 బార్ దగ్గర నాలుగు జతలూ వెనక్కి వచ్చాయి. జాక్ సొంత బిగుతును సరిచేసే గుణకం 0.88, జాక్ వైశాల్యానికీ గాడి వైశాల్యానికీ నిష్పత్తి 0.90. గుణిస్తే 3.7 బార్, అంటే 0.37 మెగాపాస్కల్. లోపలి పొరలో అదే ఎత్తున 0.25 వచ్చింది.

ఈ రెండు అంకెలను బరువు లెక్కతో పోల్చాలి. ఆ మట్టం పైన గోడ 8 మీ. రాతి కట్టుబడి ఘనపు మీటరుకు 21 కిలోన్యూటన్లు అనుకుంటే గోడ బరువు మీటరు పొడవుకు 121, కప్పూ అంతస్తూ కలిపి 30, మొత్తం 151 కిలోన్యూటన్లు. 72 సెం.మీ. మందం అంతటా సమంగా పంచుకుంటే 0.21 మెగాపాస్కల్ రావాలి. కానీ బయటి పొర ఒక్కటే 0.37 × 250, అంటే 92 మోస్తోంది. లోపలిది 0.25 × 200, అంటే 50. కలిపి 142. నడిమి 27 సెం.మీ. పూడికకు మిగిలింది 9, అంటే ఇంచుమించు 0.03 మెగాపాస్కల్. పూడిక తన సొంత బరువు కూడా పూర్తిగా మోయడం లేదు, రాపిడితో రెండు పొరల మీదికి తోసేస్తోంది. లెక్కల్లో 72 సెం.మీ. గోడ, పనిలో 25, 20 సెం.మీ. ఉన్న రెండు వేర్వేరు పలచని గోడలు.

ఇటలీలో పావియా నగర గోపురం 1989 మార్చి 17న ఏ భూకంపమూ లేకుండానే కుప్పకూలి నలుగురు చనిపోయారు. అదీ ఇలాంటి పొరల గోడే. శతాబ్దాల పాటు నిలకడగా ఉన్న భారం కిందే సన్నటి పగుళ్లు పెరుగుతూ పోయాయని తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. ఇన్నాళ్లు నిలబడింది కదా, ఇంకా నిలబడుతుంది అనే వాదన వినిపించినప్పుడల్లా ఆ గోపురం గుర్తుకొస్తుంది.

5వ వారం: గ్రౌట్ కలిపి చూడటం

ఎంచుకున్నది నీటితో కలిసి గట్టిపడే సహజ హైడ్రాలిక్ సున్నం, ఎన్‌హెచ్‌ఎల్ 5. పేరులోని 5 అంటే 28 రోజులకు ప్రామాణిక గారలో కనీసం 5 మెగాపాస్కల్ బలం. గ్రౌట్‌గా ఎక్కువ నీళ్లతో కలిపితే అంత రాదు, రావాల్సిన అవసరం కూడా లేదు. మూడు పొరల గోడల మీద ప్రయోగశాలల్లో చేసిన పనుల్లో పదేపదే కనిపించేది ఇదే: గ్రౌట్ గట్టిదనం రెట్టింపు చేసినా గోడ బలం రెట్టింపు కాదు, గ్రౌట్ రాతిని ఎంత గట్టిగా పట్టుకుందన్నదే నడుపుతుంది.

కలుపు: 25 కిలోల బస్తా ఒకటి, నీళ్లు 20 లీటర్లు, సూపర్‌ప్లాస్టిసైజర్ 250 గ్రాములు (నీళ్లు పెంచకుండా గ్రౌట్‌ను జారుడుగా చేసే మందు). దీంతో 29–30 లీటర్ల గ్రౌట్ వస్తుంది. ముందు నీళ్లు, అందులో ప్లాస్టిసైజర్ సగం, తర్వాత సున్నం కొంచెం కొంచెంగా, చివర మిగతా ప్లాస్టిసైజర్. వేగంగా తిరిగే మిక్సర్‌లో 5 నిమిషాలు. గచ్చు కలిపే మామూలు మిక్సర్‌లో ఉండలు విడవవు. అర మిల్లీమీటరు జల్లెడలో పోస్తే అడుగున గుప్పెడు ఉండలు మిగిలాయి. ఆ గుప్పెడే గోడలో పైపు నోరు మూసేసేది.

సైటులో మూడు పరీక్షలు. జారుడు కొలిచే మార్ష్ గరాటులో 946 మి.లీ. నీరు 26 సెకన్లలో దిగుతుంది, మా గ్రౌట్ 41 సెకన్లు. లీటరు కొలజాడీలో 3 గంటలు కదపకుండా ఉంచితే పైన తేలిన నీరు 22 మి.లీ. 5 శాతం దాటితే పారబోయాలని పెట్టుకున్నాం, ఇది అందులో సగం కూడా లేదు. మూడోది ఇసుక గొట్టం. పారదర్శక గొట్టంలో ఇసుక నింపి కింది నుంచి 0.075 మెగాపాస్కల్‌తో గ్రౌట్ ఎక్కించి, 36 సెం.మీ. ఎత్తు 50 సెకన్లలోపు అందుకుంటుందా అని చూస్తారు. కడిగిన ఇసుకలో 19 సెకన్లలో ఎక్కింది. అదే గొట్టంలో గోడ నుంచి తీసిన అసలు పూడిక పొడి నింపితే 21 సెం.మీ. దగ్గరే ఆగిపోయింది. ఎండిన పాత సున్నం గ్రౌట్‌లో నీళ్లు పీల్చేసి చిక్కబరిచేస్తోంది. పూడికను ముందు తడిపి మళ్లీ చేస్తే 44 సెకన్లలో 36 సెం.మీ. అందుకుంది. గోడను ఒక రోజు ముందే తడపాలన్న నిర్ణయం దీని మీదే తీసుకున్నాం.

సల్ఫేట్ భయం తీర్చుకోడానికి లోపలి ముఖం నుంచి వచ్చిన పొడిని గ్రౌట్‌లో కలిపి బిళ్లలు పోసి, తడి గోనె కింద ఉంచి వెర్నియర్‌తో వ్యాసం కొలుస్తున్నాం. పోలికకు మామూలు సిమెంటు బిళ్లలు కూడా పక్కనే పెట్టాం.

6, 7 వారాలు: సందులు

రెండు ముఖాల సందులూ 40–60 మి.మీ. లోతుకు గీకి, బ్రష్షుతో దులిపి, తడిపి, ఎన్‌హెచ్‌ఎల్ 3.5 ఒకటికి ఇసుక రెండున్నర పాళ్లతో నింపాం. ఒకేసారి నింపితే కుంచించుకుని అంచుల దగ్గర విడిపోతుంది, అందుకే 20 మి.మీ. పొరలుగా. 25 మి.మీ. మించిన సందుల్లో రాతి చిప్పలు దిగ్గొట్టాలి, లేకపోతే గార ఎంత పెట్టినా పగులుతుంది. తడి ఇసుక ఉబ్బి ఉంటుంది, పాతిక శాతం దాకా తేడా వస్తుంది. డబ్బాతో కొలిచేవాళ్లు ఇసుక ఆరబెట్టి కొలవాలి, లేదా ఆ మేరకు ఎక్కువ వేసుకోవాలి. వారం రోజులు తడి గోనెలు కట్టి ఉంచాం. ఇది పూర్తి కాకుండా గ్రౌట్ పోస్తే సందులన్నీ జల్లెడే.

8వ వారం: అడ్డ కడ్డీలు

గ్రౌట్ కంటే ముందే కడ్డీలు పడాలి, ఇందులో బేరం లేదు. 1 బార్ ఒత్తిడి అంటే చదరపు మీటరుకు సుమారు 10 టన్నుల తోపుడు. దేనికీ అంటుకోకుండా నిలబడి ఉన్న 25 సెం.మీ. రాతి పొర వెనక ఆ తోపుడు పెడితే బాగుచేస్తూనే గోడ కూల్చేస్తాం.

316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, 10 మి.మీ. మర కడ్డీ, చదరపు మీటరుకు 2, పొట్ట ఉన్న 6 చదరపు మీటర్లలో 4. మొత్తం 194. మామూలు ఇనుము ఎందుకు కాదంటే పార్థెనాన్ కథ చాలు. ప్రాచీన మేస్త్రీలు ఇనుప బిగింపుల చుట్టూ సీసం పోసి చెమ్మ తగలనివ్వలేదు. 20వ శతాబ్దం మొదట్లో మరమ్మతు చేసినవాళ్లు సీసం లేకుండా ఇనుము పెట్టారు, అది తుప్పు పట్టి ఉబ్బి పాలరాయిని చీల్చింది. ఇప్పుడు వాటిని తీసి టైటానియం పెడుతున్నారు.

రంధ్రం 20 మి.మీ., కడ్డీ చుట్టూ గ్రౌట్ నింపే బట్ట తొడుగు. తొడుగు లేకుండా పోస్తే గ్రౌట్ పూడికలోకి జారిపోయి కడ్డీ ఖాళీలో వేలాడుతుంది. లోపలివైపు 80 × 80 × 6 మి.మీ. ప్లేటు, బయట సందులో దాగే 50 మి.మీ. వాషరు. స్పానర్‌తో ప్లేటు కదలనంత వరకే బిగించాలి. గట్టిగా లాగితే పొట్ట వెనక్కి పోతుందని ఆశపడొద్దు, లోపల చిప్పలు మేకుల్లా కూర్చున్నాయని ముందే చెప్పుకున్నాం. ప్లేటు కింద రాయి పగులుతుంది, అంతే. లాగుడు పరీక్ష 6 కడ్డీల మీద, 6 కిలోన్యూటన్లు 5 నిమిషాలు పట్టి ఉంచాం. ఒకటి 3 మి.మీ. జారింది. తొడుగు డ్రిల్లు అంచుకు తగిలి చిరిగింది. పక్కనే ఇంకోటి వేశాం.

9 నుంచి 12 వారాలు: గ్రౌటింగ్

రంధ్రాలు 16 మి.మీ., అడ్డంగా 50 సెం.మీ., నిలువుగా 40 సెం.మీ. ఎడం, వరస వరసకీ పక్కకు జరిపి. లోతు 48 సెం.మీ., కాస్త కిందికి వాలుగా. మొత్తం 455. అంచనా: పూడిక 24.6 ఘనపు మీటర్లు, ఖాళీ 12 శాతం అనుకుంటే 2.95 ఘ.మీ., పొట్ట వెనక చీలికకు 0.18. మొత్తం 3.13 ఘ.మీ. రంధ్రానికి సగటున 7 లీటర్లలోపు. ఏ రంధ్రమైనా 60 లీటర్లు మింగితే అక్కడికి ఆపాలని ముందే రాసిపెట్టుకున్నాం.

పంపు వాడలేదు. నాజిల్ కంటే 3 మీ. ఎత్తున మంచె మీద డ్రమ్ము పెట్టి పైపు దించాం. ఈ గ్రౌట్ లీటరు కిలోన్నర తూగుతుంది, 3 మీటర్లకు 0.45 బార్ వస్తుంది. పంపు మీటరు పంపు దగ్గరి ఒత్తిడే చూపిస్తుంది, ఆపరేటరు చెయ్యి ఒక్కసారి జారితే 3 బార్ అయిపోతుంది. డ్రమ్ము మాత్రం ఎవరి చెయ్యి జారినా 0.45 దాటదు. నిదానమే, కానీ పొట్ట వేసిన గోడకు ఇదే మేలు.

ముందు రోజు అవే పైపుల్లోంచి నీళ్లు. నీళ్లు ఎక్కడ కారాయో అక్కడ రేపు గ్రౌట్ కారుతుంది, కాబట్టి సుద్దతో గుర్తుపెట్టి ఆ సందులు మళ్లీ మూశాం. కింది వరస నుంచి పైకి, ఒక మూల నుంచి రెండో మూలకు. పక్క పైపు నుంచి గ్రౌట్ చిక్కగా రాగానే బిరడా కొట్టి తర్వాతిదానికి. రోజుకు 80 సెం.మీ. ఎత్తు దాటలేదు. పచ్చి గ్రౌట్ 80 సెం.మీ. నిలబడితే అడుగున చదరపు మీటరుకు 1.2 టన్నులు తోస్తుంది.

రెండో రోజు కిటికీ పక్క లోపలి గోడ నుంచి గ్రౌట్ ధారగా కారి గచ్చు మీద పారింది. బయట ఉన్నవాళ్లకు తెలిసేసరికి 15 లీటర్లు పోయింది. ఆ తర్వాత గ్రౌట్ నడుస్తున్నంతసేపూ గోడకు అవతలవైపు ఒక మనిషి, చేతిలో ఈల, పక్కన తడి స్పాంజి, జిగురు బంకమట్టి ముద్ద. రాతి మీద పడ్డ సున్నం అప్పుడే తుడవాలి. ఆరితే తెల్ల తెర వదలదు.

9వ వరస 14వ రంధ్రం 60 లీటర్లు తాగి ఇంకా అడిగింది. ఆపి, పై వరసలో రంధ్రం పెద్దది చేసి ఎండోస్కోప్ దించితే మసి పట్టిన నిలువు గొట్టం, 20 సెం.మీ. చదరం. ఎప్పుడో మూసేసిన పొగగూడు. దాన్ని గ్రౌట్‌తో నింపడం దండగ. పైనా కిందా తెరిచి ఇటుక ముక్కలూ సున్నపు గారా పొరలుగా కూరాం.

కుడివైపు 3 నుంచి 6 వరసల దాకా రంధ్రాలు 1, 1.5 లీటర్లకే ఆగిపోయాయి. ఆ రోజు పేజీలో 'గోడ ఇక్కడ నిండుగా ఉంది' అని రాసి ఉంది. డ్రిల్లు బిట్టుకు తెల్ల పొడి బదులు గోధుమరంగు చెమ్మ మట్టి అంటిందని కూడా అదే పేజీ అంచున ఉంది. రెండూ కలిపి చదవాల్సింది.

లెక్క: 98 బస్తాలు. గోడలోకి వెళ్లింది 2.74 ఘ.మీ., కారినది, పరీక్షలకు పోయినది 0.16. అంచనా కంటే 0.39 తక్కువ.

22వ వారం: మళ్లీ కొలత

గ్రౌట్ పూర్తయి 70 రోజులు. అవే బిందువులు, అదే సుత్తి. ఎడమ ప్యానెల్ 970 నుంచి 1,860కి, నడిమి ప్యానెల్ 720 నుంచి 1,790కి ఎక్కాయి. కుడిది 1,010 నుంచి 1,130 మాత్రమే. మొదట మెరుగ్గా కనిపించిన ప్యానెల్ ఇప్పుడు అన్నిటికన్నా వెనక.

కుడి ప్యానెల్‌లో మూడు కొత్త రంధ్రాలు తొలిచాం. పూడిక రాతి చిప్పలు కాదు, దట్టించిన మట్టి. మట్టిలో పెద్ద ఖాళీలు లేవు కాబట్టి శబ్దం ఓ మోస్తరు వేగంతో పోయింది, గ్రౌట్‌కు మాత్రం దారి లేదు. గ్రౌట్ ఖాళీని నింపగలదు, మట్టిని గట్టి చేయలేదు. పైగా మేమే ముందు రోజు నీళ్లు పోసి ఆ మట్టిని ఇంకా మెత్తబరిచాం.

ఫ్లాట్ జాక్ బయటి పొరలో పాత గాడికి మీటరు పక్కన మళ్లీ పెట్టాం. 0.36. మారలేదు, మారకూడదు కూడా. ఉన్న బరువు రెండు పొరల్లో అలాగే ఉంటుంది. గట్టిపడ్డ పూడిక ఇకమీద వచ్చే బరువులోనే వాటా తీసుకుంటుంది. గ్రౌట్ పోయగానే పొరల మీది ఒత్తిడి దిగుతుందని రిపోర్టుల్లో రాసేవాళ్లుంటారు. అలా కావాలంటే ముందు కప్పు బరువును ఆపుడు కంబాల మీదికి ఎత్తి, గ్రౌట్ గట్టిపడ్డాక దించాలి.

బిళ్లలు: ఎన్‌హెచ్‌ఎల్‌వి వెర్నియర్‌లో తేడా చూపడం లేదు. సిమెంటువి అంచుల వెంట జుట్టంత పగుళ్లు విచ్చాయి.

23, 24 వారాలు: కుడి ప్యానెల్

ఇక్కడ ఊడదీసి తిరిగి పేర్చడమే దారి. లోపలి పొరను 60 సెం.మీ. వెడల్పు పట్టీలుగా, పక్కపక్క పట్టీలు ఒకేసారి తెరవకుండా, ఒకటి విడిచి ఒకటి తీస్తున్నాం. తీసే ముందు పై కిటికీ అడుగున ఆపుడు దూలం, కింద చెక్క ఆప్పులు బిగించాం. మట్టి చేత్తో తోడి, అవే రాళ్లు కడిగి తిరిగి పేరుస్తూ నడుమ చిప్పరాళ్లూ సున్నపు గారా దట్టిస్తున్నాం. పట్టీకి రెండు చొప్పున 72 సెం.మీ. పొడవు కొత్త త్రూ రాళ్లు దొరకలేదు. 45 సెం.మీ. రాళ్లు రెండు, ఒకటి ఈ ముఖం నుంచి, ఒకటి ఆ ముఖం నుంచి, నడుమ 18 సెం.మీ. పక్కపక్కనే కలిసేలా పెట్టి స్టెయిన్‌లెస్ కొక్కెంతో కడుతున్నాం.

7 పట్టీల్లో 4 అయ్యాయి. 5వ పట్టీ పైన 3వ నంబరు పగులు పలక 0.2 మి.మీ. తెరుచుకుంది, గోడ ఉష్ణోగ్రతలో మార్పేమీ లేదు. ఆపుడు దూలం కింద ఆప్పులు మళ్లీ బిగించి, పని రెండు రోజులు ఆపి, పూటకోసారి కొలుస్తున్నాం. ఇప్పటికి వరసగా 4 కొలతలు కదలకుండా ఉన్నాయి. మిగతా 3 పట్టీల వెడల్పు 60 నుంచి 40 సెం.మీ.కి తగ్గిస్తున్నాం.